గీతల వెంట బూజు

ల్యాబులో ఆమెను అందరూ శుభ్రమక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా రోగుల కఫం, రక్తం పరీక్షించడమే ఆమె పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓసారి, నమూనాలోని క్రిములను పెంచే ఆమె ప్లేటుకు బూజు పట్టింది. అప్పటి పెద్ద టెక్నీషియన్ నలుగురి ముందూ, “ఇది ల్యాబా, అటకా?” అని కడిగేశాడు. అప్పటినుంచి ఏ ప్లేటు మీద బూజు కనిపించినా ఎవరి కంటా పడకముందే పారేసేది.

ఆ బుధవారమూ అదే చేసింది. ఆ ప్లేటు ఐసీయూలో ఉన్న ఒక దర్జీది. ఫ్లూ ముదిరి వెంటిలేటర్ మీద ఉన్నాడు. అతని ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీటిని పూసిన ప్లేటు మీద పచ్చటి బూజు. “పాడు గాలి,” అనుకుని సంచిలో పడేసి, రిపోర్టులో ‘ఏమీ పెరగలేదు’ అని రాసింది.

కిటికీ దగ్గర దర్జీ అక్క నిలబడి ఉంది.

“మా తమ్ముడిది ఏమైనా తెలిసిందా అమ్మా?”

“ఏమీ పెరగలేదు. మంచి మాటే.”

“మీ నోట్లో పంచదార పొయ్య!”

జ్వరం తగ్గక శనివారం రెండో నమూనా పంపారు. సోమవారం మూత తీస్తే అదే బూజు. జూనియర్ అమ్మాయి భుజం మీదుగా తొంగిచూసింది.

“నీ ప్లేటుకే పట్టిందా అక్కా! ఇక మా గతేంటి?”

ఆమె నవ్వలేదు. గాలిలోంచి రాలిన బూజు ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. ఇది తాను నమూనాతో గీసిన గీతల వెంటే మొలిచింది. అంటే రోగి లోపలినుంచి వచ్చింది. ఫ్లూ దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లో ఇది పాతుకుంటుందని ఆమెకు తెలియనిది కాదు. మొదటి ప్లేటులోనూ గీతల వెంటే ఉంది. చూసింది. చూసే పారేసింది.

ఫోన్ చేస్తే, వెంటనే మందు మొదలుపెడతానన్నాడు డాక్టరు. “మొదటిదాంట్లో రాలేదు కదా?”

రాలేదని చెప్తే సరిపోయేది. ఆ సంచి ఎప్పుడో కాలిపోయింది.

“వచ్చింది సార్. గాలి బూజనుకుని నేనే పారేశాను.”

“ఐదు రోజులమ్మా,” అని పెట్టేశాడు.

సాయంత్రం దర్జీ అక్క మళ్లీ వచ్చింది. “బూజు కనిపెట్టింది మీరేనటగా! వాడు లేచాక మీకేం కావాలన్నా కుట్టిస్తా తల్లీ.”

కిటికీలోంచి చెప్పే మాట కాదది. ఆమె చేతి తొడుగులు తీసేసి బయటికి వచ్చి, ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి పక్కన కూర్చుంది.

“బుధవారమే కనిపించిందమ్మా. నేను పారేశాను. మంచి మాటని మీకు చెప్పాను.”

దర్జీ అక్క ఒళ్లోని చేతిసంచి తీసి ఇద్దరి మధ్యా పెట్టుకుంది.

“నాకెందుకు చెప్పడం? వాడు లేస్తే వాడికి చెప్పండి.”