లీలారాణి కుక్క, గంగులు హారన్

మా సాలూరులో గంగులు అని ఒక లారీల ఓనరున్నాడు. వాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది వాడి కథ కాదు, మా ఎదురింటి లీలారాణక్క కథ. అయినా ముందు వాణ్ణి నాలుగు తిట్టుకుంటే గానీ నాకు మాట సాగదు.

లీలారాణక్క ఇంట్లో మిషను పెట్టుకుని పిల్లల గౌన్లు కుడుతుంది. బాప్టిస్టు చర్చిలో ఆడవాళ్ళ కూటానికి పాట ఎత్తుకునేది ఆవిడే. భర్త ఎజ్రా, ఏళ్ళ తరబడి గంగులు లారీ నడిపాడు. పిల్లల్లేరు వాళ్ళకి. ఒడిశా వైపు ఏదో ధాబా దగ్గర నల్లటి కుక్కపిల్ల దొరికితే ఎజ్రా దానికి డీజిల్ అని పేరు పెట్టాడు. బండిలో పక్కసీటు దానిదే. రాయపూరు దాకా దర్జాగా తిరిగొచ్చేది.

2015 వానల్లో, సుంకి ఘాటు రోడ్డు మీద బండి నడుపుతుండగా ఎజ్రాకి గుండెలో నొప్పొచ్చింది. గంగులుకి ఫోను చేస్తే, "ముందు సరుకు దింపు, తరవాత సూద్దాం" అన్నాడట. ఆ మాటే అక్కకి ఫోను చేసి చెప్పి, ఘాటు దిగాక ఆస్పత్రికి వెళ్తానన్నాడు. దిగలేదు. బండి పక్కకి తీసి ఆపగలిగాడు గానీ స్టీరింగు మీదే వాలిపోయాడు. ఆయన బరువుకి హారన్ మోగుతూనే ఉంది. వెనకే వస్తున్న గంగులు ఇంకో లారీ డ్రైవరు కొండబాబు వచ్చి తలుపు తీసేదాకా ఆ మోత ఆగలేదు, పక్కసీట్లో డీజిల్ ఏడుపూ ఆగలేదు.

సమాధి కార్యక్రమానికి ఊళ్ళో డ్రైవర్లంతా వచ్చారు. గంగులు రాలేదు. తరవాతైనా ఆ గుమ్మం తొక్కలేదు.

అక్క నోరు మూసుకుని కూర్చునే రకం కాదు. గౌను కొలతలకి వచ్చినవాళ్ళకి కూడా ఆ ఫోను సంగతి చెప్పింది. గంగులుకి కాలింది. వాడి షెడ్డు మా వీధి చివరే. డీజిల్‌కి హారన్ అంటే ప్రాణభయమని వీధంతా తెలుసు, వాడికీ తెలుసు. రోజూ పొద్దున్నే వాడే ఏదో ఒక లారీ ఎక్కి, సరిగ్గా అక్క ఇంటి ముందు ఆపి, ఎయిర్ హారన్ బారుగా మోగించేవాడు. ఏమన్నా అంటే, "రోడ్డు నీ బాబుదా?" అనేవాడు.

ఆ కుక్క అవస్థ చూడలేకపోయేవాళ్ళం. మంచం కింద దూరి, గజగజ వణికి, ఉన్నచోటే పోసేసుకునేది. ఒకసారి కిటికీ చువ్వలు కొరికి పన్ను విరగ్గొట్టుకుంది. తిండి తగ్గిపోయి డొక్కలు బయటపడ్డాయి.

"మనిషిని తినేసినాడు. దీన్నీ తినేత్తాడే యమునా, ఈడు" అని అక్క నా దగ్గర ఏడ్చింది.

నాకు బ్యూటీ పార్లరుంది. తలకి మర్దనా చేసేటప్పుడు లావెండర్ నూనె వాడతాను. ఆ వాసనకి కుక్కలు కూడా నెమ్మదిస్తాయని ఫోన్లో చూసి, కొబ్బరినూనెలో చుక్క కలిపి గుడ్డకి రాసిచ్చాను. హారన్ మోగగానే దాని దగ్గర పెట్టమన్నాను. తలనొప్పికి మాత్ర ఇచ్చినట్టే అనుకున్నాం ఇద్దరం.

కొన్నాళ్ళకి అక్క డీజిల్‌ని వెంటబెట్టుకుని పార్లరుకి వచ్చింది. ఎవరికో మర్దనా చెయ్యడానికి నేను సీసా మూత తీశాను. వీధిలో ఏ హారనూ లేదు. అయినా అది కుర్చీ కింద దూరి, వణికి, నేలంతా తడిపేసింది. మాకు మతిపోయింది.

విజయనగరంలో పశువుల డాక్టరు గణపతిరావుగారు విని నవ్వారు. "హారన్ మోగినప్పుడే ఆ వాసన పెట్టారు కదమ్మా. వాసన తగిలితే హారన్ వస్తుందని నేర్చుకుంది. వేరే వాసన పట్టుకోండి. అది హాయిగా ఉన్నప్పుడు అలవాటు చెయ్యండి. ముక్కుకీ ఒంటికీ రాయొద్దు, అది లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి" అన్నారు. నూనె ఒక్కటే చాలదని, హారన్ మోతని కూడా సన్నగా మొదలుపెట్టి మప్పాలని చెప్పారు.

ఈసారి వట్టివేళ్ళ నూనె తెచ్చాం. అక్క మిషను దగ్గర పాట పాడుకుంటున్నప్పుడు, డీజిల్ కాళ్ళ దగ్గర కునుకు తీస్తున్నప్పుడు, ఆ గుడ్డ పక్కన ఉండేది. అది బాగా అలవాటయ్యాక, కొండబాబు తన బండి హారన్ ఫోన్లో రికార్డు చేసిచ్చాడు. అక్క దాన్ని ముందు వినీ వినబడనట్టు, పోనుపోను మోత పెంచి పెట్టి, వెంటనే కోడి కార్జం ముక్క నోటికి అందించేది. నెలలు పట్టింది. అక్క ఒక్క పూట విసుక్కోలేదు.

చివరికి ఒక పొద్దున్న గంగులు హారన్ కొడితే, డీజిల్ తోక ఊపుకుంటూ గేటు దగ్గరికి పరుగెత్తింది. గంగులు మొహం మాడిపోయింది. నేను చప్పట్లు కొట్టాను.

"గెలిచేశాం అక్కా!" అన్నాను.

"ఏటి గెలిసినాం? నా కుక్కకి బయం పోయినాది. ఆడికి రావాల గదా" అంది.

దసరాకి గంగులు కొత్త లారీ దింపాడు. షెడ్డు ముందు ఓనర్లు, డ్రైవర్లు మూగారు. బంతిపూల దండలు వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గంగులు దర్జాగా బండెక్కి హారన్ మోగించాడు. అక్క తన గేటు తీసింది.

డీజిల్ జనం కాళ్ళ మధ్యనించి దూసుకెళ్ళి, తెరిచి ఉన్న తలుపులోంచి ఎక్కేసి, పక్కసీట్లో కూర్చుంది. కూర్చుని, తిన్నగా రోడ్డు వైపు చూస్తోంది. ఆ కుక్కని ఆ సీట్లో చూడని డ్రైవరు సాలూరులో లేడు.

"దింపవే నీ కుక్కని!" అని అరిచాడు గంగులు.

అక్క నడిచెళ్ళి బండి ముందు నిలబడింది. "దింపుతాను. గుండెల్లో నొప్పని ఎజ్రా ఫోను సేత్తే ఏటన్నావో, ఈలందరి ముందూ సెప్పు."

"నానేటీ అన్లేదు!"

కొత్త బండికి డ్రైవరు కొండబాబే. చేతిలో ఉన్న తాళం హారతి పళ్ళెంలో పెట్టేశాడు. "రేపు నాకూ నొప్పొస్తాది బాబూ. ఈ బండి నాను ఎక్కను" అని వెళ్ళిపోయాడు. గంగులు ఇంకొకడి వైపు చూశాడు. వాడూ తల తిప్పుకుని కదిలాడు. ఆ వెనక మిగతావాళ్ళు. నిమ్మకాయలు నలగకుండా అలాగే ఉండిపోయాయి. గంగులు కిందికి దిగి ఒక్కడే నిలబడ్డాడు. నా కడుపు చల్లబడింది, అబద్ధం ఎందుకు.

ఆదివారం పాస్టరు బెన్హర్‌గారు అక్క ఇంటికి వచ్చారు. "పగ మంచిది కాదమ్మా, అతన్ని క్షమించేసెయ్" అన్నారు.

అక్క మిషను ఆపింది. "సెమిత్తాను అయ్యగారూ. నానెందుకు సెమించను? ముందు ఆడు ఎజ్రా సమాధి కాడికెల్లి, ఆ నొప్పి సంగతి ఇప్పుడైనా అడగమనండి."