ఉప్పునీళ్ల టమాటాలు

మా వదిన యేసుమణికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పప్పులో పులుపు తగ్గినా వస్తుంది, చర్చిలో పాట మధ్య ఎవరైనా శ్రుతి తప్పినా వస్తుంది. వచ్చినంత తొందరగానే పోతుంది కూడా. ఒక్క కోపం మాత్రం ఆమెలో ఏడాది పొడుగునా ఉడుకుతూనే ఉంది. దాన్ని రాజేసింది మా సంఘపెద్ద భార్య సుచరితమ్మ.

మాది హనుమంతునిపాడు దగ్గర పల్లె. కందులు ఇంటికి చేరాక మా చర్చిలో కోతల పండుగ చేస్తారు. ఎవరి పంట వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. కందులు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, ఏది ఉంటే అది. ప్రార్థన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. ఆ వేలం చూడాల్సిందే. ఇంట్లో సొరకాయ కూర వద్దని కంచం తోసేసే మగవాళ్లు కూడా అక్కడ సొరకాయ కోసం పంతాలకు పోతారు.

మా అన్న సత్యానందానికి సొంత చేను లేదు, మొగుడూ పెళ్లాలిద్దరూ కూలికి పోయేవాళ్లే. అందుకని వదిన ఏటా పొదిలి నుంచి మంచి టమాటాలు కొనుక్కొచ్చి, గంపలో ముద్దుగా పేర్చి పెట్టేది. అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కిందటి పండుగలో ఆ గంపను వేలంలో పాడుకున్న సుచరితమ్మ ఒక కాయ ఎత్తి పట్టుకుని, "ఇవి మొన్న నేను పొదిలి మార్కెట్లో చూసినవే గదా! నాకంటే ముందొచ్చి కూర్చున్నాయే!" అన్నది.

చర్చి అంతా గొల్లుమన్నది. నేనూ నవ్వాను, నవ్వొచ్చింది మరి. వదిన ముఖం చిన్నబోయింది. మరుక్షణం లేచి నిలబడింది.

"వచ్చే పండక్కి నా దొడ్లో నా చేత్తో కాయించిన టమాటలే తెస్తా. కాయకపోతే ఉత్త గంప తెచ్చి ఈ బల్ల ముందర పెడతా. అందరూ చూద్దురుగాని!"

నవ్వులు ఆగిపోయాయి. ఎందుకంటే మా ఊళ్లో టమాటా కాయదు. మా బోరింగు నీళ్లు ఒట్టి ఉప్పు. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కూరగాయ మొక్క పెడితే ఆకులు మాడిపోతాయి. తాగడానికి జాన్సన్ పెట్టిన మంచినీళ్ల ప్లాంటులో క్యాన్లు కొనుక్కుంటాం. ఆ నీళ్లు మొక్కలకు పోసే స్తోమత ఎవరికుంది?

"దేవుని ముందర అట్ల ఒప్పుకుంటివేంది వదినా?" అన్నాను దారిలో.

"ఒప్పుకున్నా. ఇప్పుడేమంటావు దీవెనా?" అని నా మీదే ఒంటికాలి మీద లేచింది.

తొలకరి పడగానే విత్తనాల వేట మొదలైంది. కనిగిరి దుకాణంలో హైబ్రిడ్ ప్యాకెట్లు రెండు తెచ్చింది. ఒకటి గుండ్రటి రకం, ఇంకొకటి కోడిగుడ్డులా ఉండే గట్టి రకం. పొదిలిలో కొన్న నాటుకాయలు పిండి మరో రకం తీసింది. ఒంగోలులో పనిచేసే కూతురు ఏంజెల్ రేగ్గాయంత చిట్టి రకం గింజలు పంపింది. ఏ మడిలో ఏ రకమో తెలియడానికి పుల్లలకు పాత చీరల పేలికలు కట్టింది. దొడ్డి చూస్తే తిరునాళ్లలా ఉంది.

నీళ్ల సంగతి కూడా తనే తేల్చేసింది. జాన్సన్ ప్లాంటు వెనక గొట్టంలోంచి తెల్లగా, తేటగా నీళ్లు ఊరికే కాలవలోకి పోతుంటాయి. "మంచినీళ్ల ప్లాంటులోంచి వచ్చేవి మంచినీళ్లు కాకుండా ఎట్ల పోతాయి?" అని బిందెలకు పట్టి మోసింది. ఆ మాట నాకూ నిజమేననిపించింది. పక్కింటి రాములమ్మకూ అనిపించింది. పొద్దున్నే బిందెతో పోయే వదినను చూసి ఊరంతా మెచ్చుకున్నది.

మొక్కలు మెచ్చుకోలేదు. ముందు ఆకుల అంచులు ఎండాయి, ఆ తర్వాత పూత రాలింది. ఎర్ర పేలిక మడి పోయింది, నీలం పేలిక మడి పోయింది, చిట్టి రకం చిట్టిగానే చచ్చిపోయింది. నాటు రకం కొన్నాళ్లు పెనుగులాడి అదీ వాలిపోయింది. వదిన ఎండిన మొక్క ఒకటి పీకి చేత పట్టుకుని ప్లాంటుకు పోయింది. గొడవ చూద్దామని నేనూ వెనకే పోయాను.

"ఏం నీళ్లయ్యా ఇవి? నా మొక్కలన్నీ సంపినాయి!"

జాన్సన్ నోరెళ్లబెట్టాడు. "మొక్కలకా పోసినావు? అంట్లకు పట్టుకుపోతున్నావేమో అనుకున్నా గదక్కా! మంచినీళ్లు ఇటు క్యాన్లలోకి వస్తాయి, వాటిలోంచి తీసేసిన ఉప్పంతా అటు గొట్టంలోకి పోతాది. బోరింగు నీళ్లకంటే అవే ఎక్కువ ఉప్పు!"

వదిన గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఇంత మొండి మనిషి కళ్లలో నీళ్లు చూసి నేనూ పక్కనే చతికిలబడ్డాను. ఆ కళ్లు తుడుచుకుంటూనే ఆమె కాలవ వైపు చూసి ఆగిపోయింది.

గొట్టం పక్కన, ఆ ఉప్పు కాలవ ఒడ్డునే, టమాటా తీగ ఒకటి అడ్డదిడ్డంగా పాకి ఉంది. క్యాన్లు తీసుకుపోయే ఆటోవాళ్లు అక్కడే టిఫిన్ బాక్సులు కడుగుతారు. ఏ బాక్సులోంచి జారిన గింజో! కాయలు చిన్నవి, గీతలు పడి వంకరగా ఉన్నాయి. కానీ గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. వదిన పండుకాయ ఒకటి కోసి కొంగుతో తుడిచి కొరికింది. మిగిలిన ముక్క నా నోట్లో పెట్టింది. పులుపు, ఆ వెనకే తీపి. అట్లాంటి టమాటా నేను అంతకు ముందు తినలేదు.

"ఈ నీళ్లకే బతికిందంటే దీనికి మన బోరింగు నీళ్లు పాయసమే గదా!" అన్నది వదిన. అప్పటికే కొంగు నిండా కాయలు కోసేసింది.

గింజలు బూడిదలో కలిపి ఆరబెట్టింది. పాత మడులన్నీ తవ్వి, రాములమ్మ ఇచ్చిన మేకల ఎరువు వేసి, ఒక్క ఆ రకమే నాటింది. మా అన్న చిరిగిన తెల్లచొక్కా పేలిక ఒక్కటే దొడ్లో మిగిలింది. బోరింగు నీళ్లే పోసింది. ఈసారి ఆకు మాడలేదు. పూత నిలిచింది, పిందె పడింది.

అయినా దేవుడు ఆమెను తొందరగా వదిలిపెట్టలేదు. చలి ముదిరి, పండుగ దగ్గరికొచ్చినా కాయలు పచ్చిగానే ఉండిపోయాయి. నేను ఉండబట్టలేక, "కింద పొదిలి కాయలేసి పైన నీవి నాలుగు పేర్చు వదినా, ఎవురు సూస్తారు?" అన్నాను.

"దేవుడు సూడడా? ఆయన సూడకపోయినా సుచరితక్క సూస్తాది!" అన్నది. నవ్వాలో భయపడాలో తెలియలేదు. పండుగ ముందు వారం ఎండ కాసింది. ఒక్కో గుత్తీ ఎరుపెక్కింది.

ఆ ఆదివారం బల్ల ముందు వదిన గంప అన్నిటికంటే చిన్నది. పక్కన పెద్ద పెద్ద గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. వేలం మొదలవగానే సుచరితమ్మ లేచొచ్చి గంపలో చెయ్యి పెట్టింది. నేనైతే కళ్లు మూసుకున్నాను.

"ఏంది యేసుమణీ ఇవి, ఇట్ల వంకర పోయినాయి?"

"తిని మాట్లాడక్కా" అన్నది వదిన.

ఆమె కొరికింది. నమిలింది. మొత్తం తినేసి, రెండోది తీసుకుంది. అదీ అయ్యాక నెమ్మదిగా అడిగింది. "ఏ నీళ్లు పోసినావు?"

"మన నీళ్లే."

చర్చిలో ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. పుట్టిన దగ్గర్నుంచీ మేం తిట్టుకున్న నీళ్లవి. వాటి మూలంగానే మా ఊరికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు. ఆ నీళ్లతోనా ఇవి కాసింది! ఇక వేలంపాట ఎక్కడా ఆగలేదు. జాన్సన్ పాడాడు, వెనక వరసలోంచి కుర్రాళ్లు పాడారు, మా అన్న సొంత పెళ్లాం గంపకే పాట పెంచబోతే పక్కవాళ్లు లాగి కూర్చోబెట్టారు. ఎవరెంత పాడినా సుచరితమ్మ దాని మీద పాడుతూనే పోయింది. చివరికి అందరూ అలిసి ఊరుకున్నారు. గంప ఆమెదైంది.

ఆమె గంప ఎత్తి నడుం మీద పెట్టుకుని సంఘం వైపు తిరిగింది. పోయినేడు నవ్వించిన గొంతుతోనే, అంతే గట్టిగా చెప్పింది.

"గింజలు కావాల్సినోళ్లు మా ఇంటికి రాండి. ఇవి పొదిలిలో దొరకవు!"

చప్పట్లతో రేకుల కప్పు అదిరింది. మా వదిన మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. నేను ఆమెను పట్టుకుని ఆమెకంటే ఎక్కువ ఏడ్చాను.