కొనమర లెక్కన ఊపిరి

గల్ఫ్‌లో, ఖతీఫ్ ఆసుపత్రిలో నాతోపాటు నర్సుగా పనిచేసిన ఐర్లండు సిస్టరుకీ నాకూ పడేది కాదు. నా రిజిస్టరులో తప్పులు పట్టడం ఆమెకిష్టం. అవి తప్పులు కావని వాదించడం నాకిష్టం.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో ఒక సాయంత్రం క్షిపణి సైరన్ మోగింది. నెలలు నిండని పసివాడొకడు వెంటిలేటర్ మీద ఉన్నాడు. కిటికీలున్న గదిలో వాణ్ణి ఉంచకూడదు. గోడలోని ఆక్సిజన్ గొట్టానికి బిగించిన వెంటిలేటర్ కదిలి రాదు. వాణ్ణి లోపలి నడవాలోకి తెచ్చి, గొంతులోని గొట్టానికి అంబు బ్యాగ్ అనే రబ్బరు తిత్తి తగిలించి చేత్తో ఊపిరి పోయసాగాను. మాకు గ్యాసు మాస్కులిచ్చారు. వాడి ముఖానికి సరిపడేది ఎవరూ తయారు చెయ్యలేదు.

మెయింటెనెన్సులో పనిచేసే జగిత్యాల ఆయన ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకొచ్చాడు. "సగమే ఉన్నది మేడం. స్టోర్ల ఇంకోటుంది, ఉరికి తెస్త. పరేషాన్ గాకుండ్రి," అని సైరన్ మోతలోకే పరుగెత్తాడు.

కంగారులో నా చెయ్యి వేగం పెంచేసింది.

"ఊపిరితిత్తులు పగలగొడతావు," అంది సిస్టర్. "మా సీమ పేరు చెప్పుకుంటూ నొక్కు. కొ-న-మ-ర. కొ దగ్గర నొక్కి, మిగతా మూడింటికీ వదులు."

"మీ సీమ భజన నేనెందుకు చెయ్యాలి?"

"భజన కాదు, లెక్క. పూర్వం కొన్మాక్నె అని ఒక జాతి. అక్కడక్కడా ఉండేవాళ్లు. కడలి ఒడ్డున ఉన్నవాళ్లు సముద్రపు కొన్మాక్నె. సముద్రం మాకు ముయిర్. 'సముద్రపు' అనాలంటే అదే 'మర' అవుతుంది, పేరు వెనక చేరుతుంది. కొన్మాక్నె మర అన్న జనం పేరు అరిగి కొనమర అన్న నేల పేరైంది."

"వెనకెందుకు? సముద్రపు గాలి, సముద్రపు చేప. మాకు ముందే ఉంటుంది."

"నొక్కు!"

"మాది కోనసీమ. దానికీ నాలుగే అక్షరాలు. కో-న-సీ-మ..."

"మీ సీమ సాగుతోంది. బిడ్డకంత ఓపిక లేదు."

ఎక్కడో పెద్ద చప్పుడు. నేల అదిరింది. సిలిండర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి దిగింది. పసివాడి పెదవులు నీలమయ్యాయి. ఇక వాదన ఆపి వాళ్ల పేరే పట్టుకున్నాను. కొ-న-మ-ర. కొ-న-మ-ర. ఆమె కూడా నాతోపాటే అంటోంది. మాస్కులో ఆమె గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది.

రెండో సిలిండర్ భుజాన వేసుకుని జగిత్యాల ఆయన వచ్చేశాడు. బ్యాగ్ గొట్టాన్ని కొత్త సిలిండరుకి మార్చాం. పెదవులకు మెల్లగా రంగొచ్చింది.

ప్రమాదం తప్పిందన్న సైరన్ మోగాక వాణ్ణి వెంటిలేటర్ మీదికి చేర్చాం. చేత్తో ఊపిరి పోసింది నలభై నిమిషాలని రిజిస్టరులో రాశాను. ఆమె వచ్చి కొట్టేసి, నలభై రెండు అని దిద్దింది.

ఆ అంకె కిందే సంతకం పెట్టాను. నా వేళ్లింకా నొక్కుతూనే ఉన్నాయి.