మరియమ్మ కాలిలోని నారిపురుగు

కమలాపురం చుట్టుపక్కల ఇంకెవరూ ఇలా చేయకూడదని ఈ సాయంత్రమే రాస్తున్నాను.

తొమ్మిదేళ్ల మరియమ్మ కాలి పుండులో నుంచి దారంలా పొడవైన నారిపురుగు బయటికి రావడం మొదలైంది. దాన్ని అగ్గిపుల్లకు చుట్టి, రోజుకు అంగుళం చొప్పున ఓపికగా తీయాలి. తెగితే కాలంతా చీము పడుతుంది. రోజూ కట్టు కట్టించుకున్నాక ఆ పిల్ల మా వైద్యశాల వసారాలోని బడిలో పలక పట్టుకుని కూర్చునేది. పది రోజుల్లో తన పేరు రాయడం నేర్చింది.

రెండు రోజులు కనబడలేదు. ఈ రోజు వాళ్ల నాయన ఆమెను భుజాన మోసుకొచ్చాడు. మోకాలి దాకా వాపు. వాళ్లు కూలికి పోయే చేని మేస్త్రీ పురుగును పట్టి గుంజేశాడట. అతనూ వెంట వచ్చాడు.

“ఎన్ని దినాలు చుడతారు డాక్టరమ్మా? ఆడ శనక్కాయలు పెరికేకి మనుషులు లేరు. ఒక్క గుంజు గుంజి మీ పని తక్కువ చేసినా.”

“నీ కాలైతే అట్లా గుంజేవాడివా అప్పా?”

“నాకొచ్చినప్పుడు నెల దినాలు పండుకుంటి” అన్నాడు, నేల చూస్తూ.

దీన్ని తెలియనితనం అనవచ్చునా, చదివిన మీరే చెప్పండి. పుండు కడిగి కట్టు కట్టాను. ఆ మోకాలు మళ్లీ చాచడానికి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను.