ఆరుద్ర పురుగు ఆగింది

మదనపల్లెలో నాకు మాక్రో ఫొటోలు నేర్పిన పుంగనూరు మాస్టారు పురుగులకు ఇచ్చినంత మర్యాద కలెక్టరుకు కూడా ఇచ్చి ఉండరు. లెన్సును చీమ మీసాల దాకా తీసుకెళ్లి, "రోంత ఉండప్పా" అని బతిమాలేవారు. చీమ ఏనాడూ ఉండలేదు.

ఆరుద్ర పురుగు కోసం ఆయన కుప్పం దాకా మూడు వానాకాలాలు గాలించారు. పొలాల్లో మందులు కొట్టీ కొట్టీ అవి కనబడకుండా పోయాయి. చివరికి తొలకరి మర్నాడు మా టమోటా తోట గట్టున, ఎర్ర మఖమల్ బొట్టులా ఒకే ఒక్కటి కనిపించింది. మాస్టారు సాష్టాంగపడ్డారు. భూమి కాస్త అదిరిందని నా అనుమానం.

నీటి చుక్కలుంటే ఫొటోకు అందమని ఆయనే చెప్పారు కదా అని, షెడ్డులోని స్ప్రే బాటిల్‌లో నీళ్లు పట్టి తెచ్చి చిలకరించాను. పాకుతున్న పురుగు కాసేపటికి ఆగింది. నేను టకటకా నలభై ఫొటోలు తీశాను.

"సూడండి సార్, మీ మాట వినింది!"

ఆయన బాటిల్ వాసన చూశారు. "దీంట్లో ఏముండాదప్పా?"

"నీళ్లే సార్. మొన్న టమోటాకు మందు కొట్టింది దీంతోనే."

మాస్టారు కెమెరా పక్కన పెట్టి, పురుగును పైపంచె కొసతో అద్దుతూ, "రోంత ఉండప్పా, రోంత ఉండు" అని ఎండెక్కేదాకా బతిమాలుతూనే ఉన్నారు.

ఆ ఫొటో నా దగ్గరే ఉంది. ఒంటి మీది ప్రతి వెంట్రుకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కటీ కదల్లేదు.