పలుగురాయి పొడి

నా చిన్నప్పటి వేసవులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి గానీ, అమ్మ పోయిన ఏటి వేసవి ఒక్కటే విడిగా నిలిచిపోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న నూజివీడు పక్కన ఒక మామిడి తోటకు కాపలా ఉండేవాడు. అమ్మ జ్వరంతో పోయింది. సమాధుల తోటలో చాలామందికి రాతి శిలువలుండేవి. మా అమ్మ మట్టిదిబ్బ మీద మాత్రం రెండు మామిడి కొమ్మలు కట్టి నిలబెట్టారు. గాలివానకు అవి రెండుసార్లు పడిపోయాయి.

నాన్న తమ్ముడు, మా బాబాయి, ఎక్కడో ఉత్తరాదిన గాజు ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేసి దగ్గుతో తిరిగొచ్చాడు. ముప్పై అయిదేళ్లు కూడా లేని మనిషి, బావి నుంచి బిందెడు నీళ్లు తేవడానికి దారిలో రెండు చోట్ల కూర్చునేవాడు. తోట చివర చిన్న బట్టీ కట్టుకుని, పగిలిన సోడా సీసాల ముక్కలు అచ్చుల్లో పేర్చి, కరిగించి, దీపపు గిన్నెలు చేసేవాడు. అమ్మకు గాజు శిలువ చేసిపెట్టమని అడిగాను. తలూపాడు గానీ చెయ్యలేదు. చూసి చూసి, బడి గోడ కట్టగా మిగిలిన సిమెంటు తెచ్చి తడిపి, అందులో కర్ర శిలువను ఒత్తి, అచ్చు నేనే చేసేశాను. గట్టిపడగానే తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

బాబాయి కోప్పడలేదు. అచ్చు అంచున నిమ్మకాయంత ముక్క విరిచి, బట్టీలో నిప్పుల మీద వేసి, నన్ను గోడ వెనక్కి లాగాడు. కాసేపటికి అది టపాకాయలా పేలింది. ఒక పెచ్చు ఎగిరొచ్చి, అంతకుముందు నేను నిలబడ్డ చోట పడింది.

"లోపల తడుంటది అమ్మాయ్. సిమెంటులోంచి అది బయటికి పోలేదు. వేడెక్కితే ఇంతే," అన్నాడు.

"మరి నువ్వు దేంతో చేస్తావు?"

చూపించాడు. బొమ్మలు పోతపోసే తెల్ల ప్లాస్టరు, దాంతో సమానంగా పలుగురాయి పొడి. ఆ పొడి బియ్యప్పిండిలా తెల్లగా, మెత్తగా ఉంది. రెండూ కలిపి బాగా ఎండబెడితే నిప్పుకు తట్టుకుంటుందట. నేను బస్తాలో చెయ్యి పెట్టబోతే మణికట్టు పట్టుకుని ఆపేశాడు. ఆయనలో ఇంకా అంత బలం ఉందని నాకు తెలియదు. తర్వాత చొక్కా విప్పి, అటు తిరిగి కూర్చుని, "చెవి పెట్టి విను," అన్నాడు.

వీపుకు చెవి ఆనించాను. లోపల ఎవరో ఎండుటాకులు తొక్కుతున్నట్టు చప్పుడు. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతోంది.

"ఈ పొడేనమ్మా. అక్కడ రోజూ గుమ్మరించేవాళ్లం, చీపుర్లతో ఊడ్చేవాళ్లం. పీలిస్తే ఏమవుద్దో ఒక్కడూ చెప్పలేదు."

"అయితే నువ్వూ ముట్టుకోవద్దు బాబాయ్. శిలువ వద్దు."

"నాకింక పోయేదేముంది," అన్నాడు.

నన్ను బావి దాకా పంపేశాడు. అక్కణ్ణుంచే చూశాను. ముఖానికి తడిగుడ్డ కట్టుకుని, గాలికి వీపు పెట్టి, పొడిని నీళ్లలోకి కొద్దికొద్దిగా జార్చాడు. అయ్యాక నేల ఊడ్వలేదు, తడిగుడ్డతో తుడిచాడు. అచ్చు ఎండలో ఎన్నో రోజులు ఆరింది. అందులో సీసా ముక్కలు పేర్చి కాల్చాక, బట్టీ చల్లారడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. అచ్చును నీళ్లలో నానబెట్టి విడదీస్తే లేత ఆకుపచ్చ శిలువ బయటపడింది. ఎక్కడా బీట లేదు. నాన్న దాన్ని చేతుల్లోకి తీసుకుని ఏడ్చాడు. నేను సరిగ్గా చూడనైనా లేదు. బాబాయి ఆ రోజంతా మంచం మీంచి లేవలేదు.

మరుసటి ఏడు మామిడి పూతకొచ్చేసరికి ఆయన పోయాడు. అమ్మ పక్కనే పెట్టారు. ఆయనకు గాజు శిలువ చేసేవాళ్లెవరూ లేరు. నేను అడక్కపోతే ఇంకో వేసవి బతికేవాడేమో. ఆ ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయని డాక్టరు నాన్నతో అన్నాడట. ఆ మాట నన్ను ఏనాడూ ఓదార్చలేదు.

ఇప్పుడు మా వీధిలో ఇళ్లు లేస్తున్నాయి. కుర్రాళ్లు గ్రానైటు పలకలు పొడిగానే కోస్తుంటారు. ఆ రాతిలోనూ పలుగురాయి ఉంటుంది. కనురెప్పల దాకా తెల్లబడిపోతారు. దగ్గరికెళ్లి, నీళ్లు పోస్తూ కొయ్యండి బాబూ, ముక్కుకు మాస్కు పెట్టుకోండి అంటాను. "అలాగేనండి మామ్మగారూ," అంటారు. నేను గేటు దాటేలోపే మళ్లీ ఆ తెల్లటి పొగ లేస్తుంది. వాళ్లు వింటారన్న ఆశ నాకు లేదు. అయినా మర్నాడు మళ్లీ వెళ్తాను. ఒక్కడూ చెప్పలేదని వాళ్లలో ఎవరూ అనకూడదు.