మొహియుద్దీన్ భాయ్ మూర్ఛ మిషిన్

అది 1989 జులై పది, సోమవారం. అమీర్‌పేట మీద గొడుగు తెరవాలో వద్దో తేల్చుకోనీయని తుంపర. రేడియోలు బాగుచేసే మొహియుద్దీన్ భాయ్ మనుషుల జబ్బులకు సైతం మిషిన్ చేయబూనిన రోజు అదే. ఏ కష్టం విన్నా దానికొక మిషిన్ చేస్తేనే గాని ఆయనకు నిద్రపట్టదు. ఒక ఇంట అత్తాకోడళ్లు పోట్లాడుకుంటున్నారని విని, ఇద్దరూ కలిసి స్విచ్చులు వేస్తే తప్ప వెలగని దీపం అమర్చాడు. ఆ ఇంట నెలరోజులు చీకట్లోనే వండుకున్నారు.

ఆయన దుకాణాన్ని ఆనుకొని టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అక్కడ పాఠాలు చెప్పే మగ్దలీనమ్మది ఏ మాత్రకూ లొంగని మూర్ఛ. ఆమె పడిపోగానే జనం మూగి, చేతిలో ఇనుము పెట్టాలంటూ తలా ఒక తాళాలగుత్తి కుక్కేవారు. ఆమెకు తెలివి వచ్చేసరికి సగం వీధి ఇళ్లు ఆమె గుప్పిట్లో ఉండేవి.

ఇన్‌స్టిట్యూట్ యజమాని కామరాజు ఒకనాడు తేల్చేశాడు: "ఇంకొక్కసారి క్లాసులో పడితే రేపట్నుంచి రావద్దమ్మా. పిల్లలు జడుసుకుంటున్నారు."

ఆ సోమవారం బడికి పోతున్న తెలుగు పంతులునైన నన్ను భాయ్ ఉర్దూ పత్రిక ఊపుతూ ఆపాడు.

"సార్, గోలీలకు తగ్గని ఫిట్లకు అమెరికాల ఛాతీల మిషిన్ పెట్టి మెడ నరానికి కరెంటిస్తుండ్రట. మనం సుత చేద్దం!"

"ఆమె ఛాతీలోనా?"

"తౌబా! మనిషిని ముట్టదు. నా బల్ల మీదనే ఉంటది."

ఆయన భార్య ఖుర్షీదా నిట్టూర్చింది. "ఇస్త్రీపెట్టె విప్పిండు సార్. ఇగ నన్ను సుత విప్పుతడు."

మిషిన్ సిద్ధమైంది: ఎర్రబల్బు, సైరను, పొగగొట్టం. వారానికోసారైనా అది బొబ్బలు పెట్టేది. కామరాజుతో సహా క్లాసంతా దుకాణం ముందుకు ఉరికేది. విచిత్రమేమంటే, ఆనాటినుండి మగ్దలీనమ్మ పడిపోవడం ఎవరూ చూడలేదు!

ఒకరోజు నా వ్యాకరణ ప్రశ్నపత్రం టైపు చేయించుకోవడానికి వెళ్లాను. (ఆ యంత్రంలో అరసున్న లేదన్న నా దుఃఖం వేరే వ్యాసానికి తగును.) మగ్దలీనమ్మ చేతివేళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. మూర్ఛ రాబోతున్నదని ఆమెకు కాస్త ముందే తెలిసేదట. పక్కనున్న చెక్కగోడను తట్టింది. మరుక్షణం అవతల సైరను మోగింది. అందరూ బయటికి పరుగెత్తారు. మోకాళ్లనొప్పి గల నేను తప్ప.

వెనుక తలుపు తెరుచుకొని ఖుర్షీదా వచ్చింది. కూలబోతున్న ఆమెను పట్టుకొని నేలమీద పక్కకు తిప్పి పడుకోబెట్టింది. తలకింద ఓణీ మడిచి పెట్టింది. చేతిలో తాళం లేదు, నోట్లో చెంచా లేదు. మూర్ఛ తగ్గేదాకా పక్కనే కూర్చుంది.

ఆమె తేరుకున్నాక నేను బయటికి వెళ్లాను. భాయ్ ఇంకా గంతులేస్తున్నాడు: "దూరం జరుగుండ్రి! పేలుతది!" ఆ పొగ కమ్మగా ఊదు వాసన వేస్తున్నది.

"భాయ్, ఇది కాలిన తీగ వాసన కాదే?"

"జర మెల్లగ సార్! మిషిన్ మంచిగనే పనిచేస్తున్నది గద."

"ఎవరిమీద?"

"కామరాజు మీద."

చాలా ఏళ్లకు, నేను పదవీ విరమణ చేశాక, ఆయననుండి ఉత్తరం వచ్చింది:

"సార్‌కు సలాం. మన మగ్దలీనమ్మకు ఛాతీల అసలు మిషిన్ పెట్టిండ్రు. ఫిట్లు మస్తు తగ్గినయ్, పూర్తిగ పోలె. 'పొగ ఎటునుంచి వస్తది?' అని నేను అడిగితే డాక్టరు పరేషానైండు. ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు ఆమెదే. ఎప్పుడన్న పడితే పిల్లలే పక్కకు తిప్పి పడుకోబెడతరు, గుంపు కూడరు. నాకే పనిలేకుండ అయింది. మీ దిక్కు ఎవరికన్న గుంపు బాధ ఉంటే జర చెప్పుండ్రి."